ఎమ్మెస్ మందులూ, నా చర్మమూ

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అనే నరాల జబ్బు అని నిర్ధారణ అయిన రోజున నేను భయపడిన విషయాల్లో చర్మం లేనే లేదు. చూపు పోతుందేమో, కాళ్లు పట్టు తప్పుతాయేమో, కళాశాలలో గంటసేపు నిలబడి పాఠం చెప్పే శక్తి ఉండదేమో అన్న ఆలోచనలే మనసంతా నిండి ఉన్నాయి. అయితే చికిత్స మొదలైన తరువాత జబ్బుకన్నా ఎక్కువగా నా ధ్యాసను పట్టి ఉంచినవి మందుల వల్ల చర్మం మీద వచ్చిన మార్పులే. జబ్బు లోపల ఉంటుంది, అది ఎలా ఉందో అప్పుడప్పుడు తీసే ఎమ్మారై చెప్పాలి. చర్మం మాత్రం ప్రతి పూటా కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. మందు కొనసాగించాలా, మానేయాలా అని రోగి మనసులో జరిగే తర్జనభర్జన చాలావరకు అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. అందుకే, హనుమకొండలో అధ్యాపకురాలిగా పనిచేస్తూ ఈ చికిత్స తీసుకుంటున్న నేను, ఏ మందుకు నా చర్మం మీద ఏమి జరిగిందో, అందులో ఏది ఓర్చుకోదగినదో, ఏది వెంటనే డాక్టరుకు చెప్పవలసినదో నాకు తెలిసివచ్చిన క్రమంలోనే రాస్తున్నాను.

నాకు మొదట వచ్చిన లక్షణం ఎడమ కన్ను మసకబారడం. కనుగుడ్డు అటూ ఇటూ కదిపితే నొప్పి పుట్టేది, ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనిపించేది. కంటి డాక్టరు గారు పరీక్షించి ఇది కంటి నరం వాపు అని చెప్పి న్యూరాలజిస్టు దగ్గరకు పంపారు. ఎమ్మారై, వెన్నులో నీరు తీసి చేసే పరీక్ష పూర్తయ్యాక, మెదడులోను వెన్నుపాములోను నరాల తంతువులను కప్పి ఉండే మైలిన్ పొర మీద నా శరీర రక్షణ వ్యవస్థే దాడి చేస్తోందని తేలింది. వరుసగా కొన్ని రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో ఎక్కించారు. చూపు మెల్లగా తిరిగి వచ్చింది గాని ముఖం ఉబ్బి, వీపు మీద, భుజాల మీద ఒకే తీరున చిన్న చిన్న మొటిమలు లేచాయి. స్టెరాయిడ్ ఆగిన కొన్ని వారాలకు అవి వాటంతట అవే తగ్గిపోయాయి కనుక వాటి గురించి ఇంతకన్నా చెప్పవలసినది లేదు.

స్టెరాయిడ్ అప్పటికప్పుడు వచ్చిన వాపును తగ్గిస్తుందే తప్ప జబ్బు మళ్లీ విజృంభించకుండా ఆపదు. దానికి ఏళ్ల తరబడి వాడవలసిన మందులు వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది ఇంటర్ఫెరాన్ బీటా-1బి, 1993లో అమెరికాలో అనుమతి పొందింది. గ్లాటిరమెర్ ఎసిటేట్ 1996లో వచ్చింది. అప్పట్లో మేము రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నందువల్ల డాక్టరు గారు గ్లాటిరమెర్‌నే సూచించారు. రోజుకు 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, చర్మం కిందికి, నా చేత్తో నేనే చేసుకోవాలి.

ఈ మందు పుట్టుక తెలిసిన తరువాతే చర్మం ఎందుకలా స్పందిస్తుందో నాకు కొంత అర్థమైంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మైకేల్ సెలా, రూత్ ఆర్నన్, ద్వోరా టెయిటెల్బామ్ అనే శాస్త్రవేత్తలు 1960ల చివరలో మైలిన్‌లోని ఒక ప్రొటీన్‌ను పోలిన కృత్రిమ పదార్థాలను తయారుచేశారు. వాటితో జంతువులలో ఎమ్మెస్ వంటి జబ్బును రప్పించి పరిశీలించాలని వారి ఉద్దేశం. రప్పించడానికి బదులు వాటిలో ఒకటి ఆ జబ్బును అణచివేసింది. గ్లుటామిక్ ఆమ్లం, అలనిన్, లైసిన్, టైరోసిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల కూర్పు అది. అంటే నేను చర్మం కింద ఎక్కించుకుంటున్నది రక్షణ వ్యవస్థ కణాలను ఆకర్షించి వాటి తీరు మార్చడానికే ఉద్దేశించిన పదార్థం. ఆ కణాలు చర్మంలోనూ దండిగా ఉంటాయి కనుక సూది దిగిన చోట అవి ఊరుకోవు. క్లినికల్ ప్రయోగాలలో నూటికి నలభైమందికి పైగా సూది వేసిన చోట ఎర్రబారినట్టు, నాలుగో వంతు మందికి పైగా దురద వచ్చినట్టు మందుతో ఇచ్చే కరపత్రంలోనే ఉంది. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం నాకు ఎంతో మేలు చేసింది.

నేర్పడానికి వచ్చిన నర్సమ్మ చాలా ఓపికగా చెప్పింది. "అమ్మా, ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని వెంటనే పొడుచుకోవద్దు, ఇరవై నిమిషాలు బయట పెట్టండి. స్పిరిట్ రాసిన చోట పూర్తిగా ఆరనివ్వండి" అన్నది. స్పిరిట్ ఆరకముందే సూది దిగితే ఆ తడి లోపలికి పోయి మంట రెట్టింపు అవుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మాన్ని మెత్తగా పట్టుకుని, సూదిని నిటారుగా దించి, మందును తొందర లేకుండా నెట్టి, కొన్ని క్షణాలు ఆగి తీసి, దూదితో అదమాలి గాని రుద్దకూడదు. పొట్ట, రెండు తొడలు, రెండు తుంట్ల పైభాగాలు, రెండు చేతుల వెనుక భాగాలు కలిపి ఏడు చోట్లు. వారంలో ఒక చోట ఒక్కసారికి మించి వేయకూడదు, బొడ్డు చుట్టూ రెండంగుళాల మేర వదిలేయాలి. వంటింటి గోడకు తగిలించిన తెలుగు క్యాలెండరులో తిథి వారాల కింద ఉన్న ఖాళీలో "కు.తొ", "ఎ.చే" అని పొడి అక్షరాలతో రాసుకునేదాన్ని. పాలవాడి లెక్కల పక్కనే ఆ అక్షరాలు చూసి మా పెద్దవాడు అవేమిటని అడిగితే వాడికీ చెప్పాను. ఆ తరువాత పొద్దున్నే వాడే చదివి "అమ్మా, ఈ రోజు కుడి తుంటి" అని గుర్తుచేసేవాడు.

సూది వేసుకున్న కొద్ది నిమిషాలకే మంట మొదలయ్యేది, గంట లోపు అది తగ్గి దురదగా మారేది. మరునాటికి ఆ చోట ఒక రూపాయి బిళ్లంత దద్దు, దాని కింద గట్టిగా తగిలే చిన్న గడ్డ ఉండేవి. గడ్డ కొన్నిసార్లు వారం దాటినా కరగకపోవడంతో మళ్లీ అదే వైపు వంతు వచ్చినప్పుడు దానికి దూరంగా చోటు వెతుక్కోవలసి వచ్చేది. చేతుల వెనుక భాగంలోనే దురద ఎక్కువ. అక్కడ కండ మీద కొవ్వు తక్కువ, పైగా రవికె చేతి అంచు సరిగ్గా ఆ దద్దు మీదే ఒరుసుకునేది. మోచేతి దాకా వచ్చే వదులు చేతుల రవికెలు కుట్టించుకున్నాక కొంత ఊరట కలిగింది. చన్నీటిలో తడిపి పిండిన గుడ్డను పలుచని నూలు తువాలులో చుట్టి కాసేపు అదిమి ఉంచడం నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలనుకుంటున్నాను. కరపత్రాలలో, పుస్తకాలలో ఈ దద్దుర్ల బొమ్మలు దాదాపు అన్నీ తెల్లని చర్మం మీద తీసినవే. అక్కడ గులాబీ రంగులో, ఎర్రగా స్పష్టంగా కనిపించేది మన చామనచాయ చర్మం మీద అలా కనిపించదు. నా చర్మం మీద అది మొదట కాస్త రాగి రంగులో, తరువాత ఊదా కలిసిన గోధుమ రంగులో ఉండేది. ఇంకా నల్లగా ఉండేవారిలో రంగు తేడా కంటికి ఆనకపోవచ్చు కూడా. అందువల్ల "ఎర్రబడిందా?" అన్న ప్రశ్నకు "లేదు" అని జవాబిచ్చి ఊరుకోవడం సరికాదు. వేలి వెనుక భాగంతో తాకి పక్క చర్మం కన్నా వేడిగా ఉందో లేదో, ఉబ్బిందో లేదో, గట్టిపడిందో లేదో చూసుకోవాలి. రెండోది, వాపు తగ్గిన చోట మన చర్మం మీద నల్లని మచ్చ మిగిలి అది నెలల తరబడి ఉంటుంది. ఆ మచ్చ ఉన్నంత మాత్రాన మందుకు చర్మం ప్రతిచర్య ఇంకా జరుగుతున్నట్టు కాదని చర్మవ్యాధుల డాక్టరు గారు చెప్పేదాకా నా తొడల మీద మచ్చలు చూసి అన్నీ పచ్చి గాయాలే అనుకునేదాన్ని. మన చర్మపు రంగుకు సరిపోయే ఫొటోలు మన ఆసుపత్రులలో రోగులకు చూపించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంట్లో వారి మాటలూ ఉంటాయి. దద్దు చూసిన వారందరూ "వేడి చేసింది" అనేవారు. మా అత్తయ్య పసుపు, వేపాకు నూరి పట్టు వేయమని ప్రేమగా బలవంతం చేసింది. సూది దిగిన రంధ్రం మూసుకోకముందే ఏ ఆకు పసరూ, నూనే రాయవద్దని, రాస్తే చీము పట్టే ప్రమాదం ఉందని, అప్పుడు అది మందు చర్యో ఇన్ఫెక్షనో తెలుసుకోవడం కష్టమవుతుందని డాక్టరు గారు చెప్పిన మాటను ఆమెకు ఆయన చేతే ఫోనులో చెప్పించాను. ఆ తరువాత ఆమె మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. పైగా వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు ఎవరూ తెరవకుండా కాపలా కాసేది. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అవసరమైతే 30 డిగ్రీలకు మించకుండా ఒక నెల వరకు బయట ఉంచవచ్చు గాని, ఓరుగల్లు ఎండల్లో మధ్యాహ్నం ఇంటి లోపల కూడా 30 డిగ్రీలు ఉండవు, అంతకన్నా ఎక్కువే ఉంటాయి.

తరువాత వారానికి మూడుసార్లు వేసుకునే 40 మిల్లీగ్రాముల సిరంజికి మారాను. ఈ మోతాదుకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. రోజూ పొడుచుకునే బాధ తప్పడంతో చర్మానికి కోలుకునే వ్యవధి దొరికింది, గడ్డలు తగ్గాయి. మా పాప పుట్టడం, ఆ కాలంలో మందు విషయమై డాక్టరు గారు తీసుకున్న జాగ్రత్తలు వేరే కథ. చర్మానికి సంబంధించినంతవరకు అవి నాకు ప్రశాంతంగా గడిచిన రోజులు.

ఆ ప్రశాంతత మధ్యలోనే ఒక సాయంత్రం అనుకోనిది జరిగింది. తొడకు సూది వేసుకుని సిరంజిని డబ్బాలో పడేస్తుండగానే గుండెల మీద నుంచి వేడి ఒక్కసారిగా మెడకూ ముఖానికీ ఎగబాకింది. గుండె దడదడ కొట్టుకుంది, ఛాతీని ఎవరో పట్టి బిగించినట్టయింది, గొంతు పూడుకుపోయినట్టు అనిపించింది, ఒళ్లంతా చెమట. "ఏమండీ" అని పిలవబోతే మాట సరిగా రాలేదు. ఆయన పరుగున వచ్చి నన్ను పడుకోబెట్టి పక్కింటివారి కారు తెప్పించారు. దగ్గరలోని ఆసుపత్రికి చేరేసరికే దడ తగ్గింది. అక్కడ బీపీ, ఆక్సిజన్, ఈసీజీ అన్నీ చూసి సరిగానే ఉన్నాయన్నారు. మొత్తం మీద పావుగంటకు అటూ ఇటుగా జరిగిన వ్యవహారం అది.

ఇలా జరగవచ్చని న్యూరాలజిస్టు గారు మందు మొదలుపెట్టిన రోజే చెప్పి ఉన్నారు. ఇంజెక్షన్ వెంటనే వచ్చే ఈ ప్రతిచర్య రోజువారీ 20 మిల్లీగ్రాముల ప్రయోగాలలో నూటికి 16 మందికి కనిపించింది. చాలామందికి మందు మొదలుపెట్టిన కొన్ని నెలల తరువాతే వస్తుంది, ఎక్కువగా దానంతట అదే తగ్గిపోతుంది. ముందు తెలియకపోతే గుండెపోటు అనుకుని ఆ భయానికే మందు మానేసేదాన్ని. అయితే "కాసేపట్లో తగ్గిపోతుందిలే" అని ప్రతిసారీ ఇంట్లో కూర్చోవడం కూడా క్షేమం కాదు. ఇదే మందుకు అరుదుగా ప్రాణాంతకమైన అలర్జీ చర్య, అంటే అనాఫిలాక్సిస్, రావచ్చని, అది మొదటి సూదికే కాక ఏళ్ల తరువాత కూడా రావచ్చని 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు సమాచార పత్రంలో అన్నిటికన్నా తీవ్రమైన బాక్స్ హెచ్చరికను చేర్పించింది. రెండింటి మొదటి లక్షణాలు ఒకేలా ఉంటాయి. ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు నాలుక వాయడం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉన్నా, నిమిషాలు గడిచేకొద్దీ తగ్గవలసింది పెరుగుతున్నా ఆలోచించకుండా ఆసుపత్రికి పోవలసిందే. నేను ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు సూది వేసుకోవడం ఆ సాయంత్రంతోనే మానేశాను.

నేను మందు మార్చుకోవడానికి మాత్రం అది కారణం కాదు. కారణం నొప్పి లేనిది, దురద లేనిది, మంట లేనిది. ఒక ఆదివారం తలంటుకు ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించుకుంటుండగా కుడి తొడ బయటి వైపు నా అరచేయి ఒక పల్లంలోకి జారింది. వేళ్లతో తడిమితే అక్కడ చర్మం పలుచగా, కింద మెత్తదనం ఏమీ లేకుండా కండకు అంటుకున్నట్టు ఉంది. కిటికీ వెలుతురుకు పక్కగా నిలబడి అద్దంలో చూస్తే గరిటె లోతున్న గుంట స్పష్టంగా కనిపించింది. ఎడమ తొడ మీద దానికన్నా చిన్నవి రెండు ఉన్నాయి. సూది చోట్లు క్రమం తప్పకుండా మార్చుకుంటూ వచ్చినా అవి ఏర్పడ్డాయి.

చర్మవ్యాధుల డాక్టరు గారు చూసి, సూది పదే పదే దిగిన ప్రాంతంలో చర్మం కింది కొవ్వు కరిగిపోయిందని, దీన్ని లైపోఅట్రోఫీ అంటారని, పోయిన కొవ్వు చాలావరకు తిరిగి రాదని చెప్పారు. మందు సమాచార పత్రం ప్రకారం రోజువారీ మోతాదు ప్రయోగాలలో ఇది సుమారు 2 శాతం మందిలో కనిపించింది, శాశ్వతమని భావిస్తారు, దీనికి తెలిసిన చికిత్స లేదు. అందం పోయిందన్న బాధ నాకు లేకపోలేదు, ఉన్నదని చెప్పుకోవడానికి సిగ్గూ లేదు. కానీ అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే గుంటపడిన చోట మళ్లీ సూది వేయకూడదు. రెండు తొడలూ పోతే మిగిలిన చోట్ల మీద భారం పెరుగుతుంది, అక్కడా ఇదే జరుగుతుంది. అందుకే నెలకొకసారి చోట్లన్నింటినీ పక్క వెలుతురులో చూసుకోవాలని, తడిమి చూసుకోవాలని, వీలైతే అదే వెలుతురులో ఫొటో తీసి దాచుకోవాలని చెబుతాను. వేళ్లకు మొదట తెలిసేది కంటికి ఆలస్యంగా తెలుస్తుంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పనిచేస్తోంది, హైదరాబాద్‌లోనూ దానికి శాఖ ఉంది. అలాంటి పరిచయాల ద్వారానే నాకు స్నేహితురాలైన ఒకామె ఇంటర్ఫెరాన్ వాడేది. ఆమెకు గుంటలు పడలేదు గాని, సూది దిగిన చోట చర్మం నల్లబడి, పైపొర చచ్చిపోయి పుండు పడింది. అది మానడానికి చాలా కాలం పట్టింది. ఇంటర్ఫెరాన్ బీటాకు ఇటువంటి చర్మ మరణం సంభవించవచ్చని తెలిసినదే, గ్లాటిరమెర్‌కు అరుదుగా. సూది వేసిన క్షణంలోనే భరించలేని నొప్పి, ఆ చోట చర్మం పాలిపోయి తరువాత నీలిరంగు వలలాంటి చారలు రావడం, చర్మం నల్లగా మారి నీరు కారడం, ఇవి ఓర్చుకోవలసిన లక్షణాలు కావు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

గుంటల సంగతి న్యూరాలజిస్టు గారికి చెప్పినప్పుడు ఆయన ఎమ్మారైలో కొత్త మచ్చలు లేవని సంతోషిస్తూనే, "జబ్బుకు మందు పనిచేస్తోంది కదా అని మీ శరీరం ఒప్పుకోని మందును లాగవలసిన పని లేదమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. చర్మం గురించి ఫిర్యాదు చేస్తే చిన్న విషయానికి రాద్ధాంతం చేస్తున్నాననుకుంటారేమో అని సంకోచించే రోగులు చాలామంది ఉన్నారు. మౌనంగా సూదులు ఎగ్గొట్టి, చివరకు జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేరినవారినీ చూశాను. చర్మం కోసం మందు మార్చమని అడగడం రోగి హక్కు, తనంతట తాను ఆపేయడం మాత్రం ప్రమాదం.

పిల్లల విషయంలో మా ఆలోచనలు ముగిసినందువల్ల ఈసారి నోటి మందు, డైమిథైల్ ఫ్యూమరేట్, ఇచ్చారు. ఎమ్మెస్‌కు దీనికి 2013లో అమెరికా అనుమతి లభించింది. కానీ ఇది మొదట చర్మపు మందు. వాల్టర్ ష్వెకెన్డీక్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తన సోరియాసిస్‌కు ఈ జాతి పదార్థాలను వాడి చూసి 1959లో ప్రకటించాడు; జర్మనీలో 1994 నుంచి వీటి మిశ్రమం సోరియాసిస్‌కు అనుమతి పొందిన మందుగా ఉంది. చర్మానికి మేలు చేసిన మందు నా చర్మాన్ని ఏమీ చేయదని ఆశ కలిగింది గాని, డాక్టరు గారు ముందే హెచ్చరించారు: ప్రయోగాలలో నూటికి నలభైమందికి ముఖం వేడెక్కి కందిపోయింది.

మొదటి వారం 120 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకు రెండు పూటలా వేసుకుని, ఆ తరువాత 240కి పెంచారు. పెంచిన తరువాతే అసలు సంగతి తెలిసింది. క్యాప్సూల్ మింగిన అరగంట తరువాత మొదట చెవులు కాలేవి. చెవి తమ్మెలు పట్టుకుంటే వేళ్లకు వేడి తగిలేది. అక్కడి నుంచి బుగ్గలు, మెడ, ఎదురొమ్ము, ముంజేతులు వరుసగా వేడెక్కి, సన్నని సూదులు గుచ్చినట్టు చురచురలాడుతూ దురద పుట్టేది. ఒకసారి తరగతిలో పాఠం చెబుతుండగా వచ్చింది. విద్యార్థినులు కంగారు పడి కుర్చీ తెచ్చి వేశారు. నా రంగుకు ముఖం ఎర్రబడటం వారికి పెద్దగా కనిపించలేదు గాని ముఖం ఉబ్బినట్టు, కళ్లు నీళ్లు తిరిగినట్టు కనిపించిందట. అరగంటలో అంతా మామూలయ్యింది.

ఇది అలర్జీ కాదు. ఈ మందు చర్మంలోని కణాల మీద ఉండే ఒక గ్రాహకాన్ని, అంటే రసాయనాలు వచ్చి అంటుకునే చోటును, తాకుతుంది. నియాసిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో వేసుకున్నవారికి ముఖం కందిపోవడానికి కారణమయ్యేదీ అదే గ్రాహకం. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్‌లు అనే రసాయనాలు విడుదలై రక్తనాళాలు వెడల్పవుతాయి. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీని అడ్డుకుంటుంది కనుక క్యాప్సూల్‌కు అరగంట ముందు ఆస్పిరిన్ వేసుకుంటే కందడం తగ్గుతుందని పరిశోధనలలో తేలింది. నా డాక్టరు గారు కడుపులో పుండ్లు వంటివి లేవని నిర్ధారించుకుని కొద్దికాలానికి మాత్రమే అనుమతించారు. మన ప్రాంతంలో వానాకాలం జ్వరం వస్తే అది డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్ ముట్టకూడదని, రక్తస్రావం ప్రమాదం ఉందని కూడా గట్టిగా చెప్పారు. ఈ జాగ్రత్త విదేశీ కరపత్రాలలో దొరకదు, ఇక్కడి వారికి మాత్రం ప్రాణావసరం.

ఆస్పిరిన్ కన్నా నాకు ఎక్కువ ఉపకరించింది తిండి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒళ్లు భగ్గుమనేది. రెండు ఇడ్లీలు తిని వేసుకున్నా పెద్ద తేడా ఉండేది కాదు. పల్లీల పచ్చడితో పెసరట్టు, లేదా ఉడికించిన గుడ్డు, గడ్డ పెరుగుతో అన్నం వంటి మాంసకృత్తులు, కొంచెం కొవ్వు ఉన్న తిండి మధ్యలో వేసుకున్నప్పుడు కందడమూ తగ్గింది, కడుపునొప్పీ తగ్గింది. క్యాప్సూల్ వేసుకున్న గంట వరకు వేడి వేడి టీ మానేశాను. కార్తీక సోమవారాల ఉపవాసం ఎన్నో ఏళ్లుగా చేస్తున్న నేను ఆ సంవత్సరం నుంచి పూజ చేసుకుని, వేళకు భోజనం చేసి మందు వేసుకుంటున్నాను. మూడు నాలుగు నెలలు గడిచేసరికి కందడం అప్పుడప్పుడు మాత్రమే వచ్చే స్థితికి చేరింది. చాలామందికి ఇలాగే కాలక్రమంలో తగ్గుతుంది.

ఎండాకాలంలో మాత్రం నాకొక సందేహం వచ్చేది. ఎమ్మెస్ ఉన్నవారికి ఒంటి వేడి పెరిగితే పాత లక్షణాలు తాత్కాలికంగా తిరగబెడతాయి. జర్మన్ కంటి వైద్యుడు ఉథోఫ్ 1890లో గమనించిన విషయం ఇది. మే నెల మధ్యాహ్నం కన్ను మసకబారితే అది ఎండ వల్లనా, మందు వల్లనా, జబ్బు తిరిగి రావడమా? నేను పాటించే పద్ధతి ఇది: చర్మం వేడెక్కి దురద ఉండి, మందు వేసుకున్న గంట లోపు మొదలైతే అది మందు పని. చల్లని నీడకు చేరి తడిగుడ్డ వేసుకున్నాక చూపు సర్దుకుంటే అది ఎండ పని. ఒక రోజు దాటినా తగ్గకపోతే న్యూరాలజిస్టుకు ఫోన్ చేస్తాను. దద్దుర్లు గోరుతో గీసినట్టు ఉబ్బి చోటు మారుతుంటే, పెదవులు కనురెప్పలు వాస్తే అది మామూలు కందడం కాదు, డైమిథైల్ ఫ్యూమరేట్‌కు కూడా అరుదుగా అనాఫిలాక్సిస్ వస్తుంది కనుక ఆసుపత్రికే పోవాలి. ఇక కంటికి కనిపించని మార్పు ఒకటుంది. ఈ మందు రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలను తగ్గిస్తుంది, మరీ తగ్గితే అరుదుగా మెదడుకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. కాబట్టి చర్మం ఎంత బాగున్నా రక్తపరీక్షను వాయిదా వేయను.

ఇప్పుడు నా చేతుల మీద మచ్చలు పోయాయి. తొడల మీది గుంటలు అలాగే ఉన్నాయి, కుడి తొడ మీదిది కొంచెం వెడల్పయినట్టు కూడా అనిపిస్తుంది. ఆ గుంటల గురించి భారత ఔషధ నిఘా కార్యక్రమానికి తెలియజేయవచ్చని చర్మవ్యాధుల డాక్టరు గారు చెప్పారు. 2010లో మొదలైన ఈ కార్యక్రమానికి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. వైద్యులే కాక రోగులు కూడా మందుల దుష్ప్రభావాలను నమోదు చేయవచ్చు, దానికి తెలుగులోనూ ఫారం ఉంది. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. ఫారంలో మందు పేరు, మోతాదు, ఎప్పుడు మొదలుపెట్టింది, దుష్ప్రభావం ఎప్పుడు కనిపించింది, ఇప్పుడు ఎలా ఉంది అని అడుగుతారు. క్యాలెండరు కాగితాలు దాచి ఉంచినందువల్ల తేదీలన్నీ సులభంగా రాయగలిగాను. తయారీ బ్యాచ్ నంబరు కూడా అడుగుతారు కనుక ఇప్పుడు క్యాప్సూళ్ల ఖాళీ పెట్టెలను తరువాతి పెట్టె పూర్తయ్యేదాకా బీరువాలో ఉంచుతున్నాను.